లాభం ఏటని అడిగితే

ఆ అమ్మాయి మా క్వార్టరుకి వచ్చిన రోజు నేను పెరట్లో వడియాలు పెట్టుకుంటున్నాను. గేటు దగ్గర సైకిలు ఆపి, నాకు తెలుగూ బెంగాలీ రెండూ బాగా వస్తాయట కదా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ట్రాఫిక్ అనే ఈ రైల్వే కాలనీలో పుట్టినవాళ్ళకి అదేం గొప్ప. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మా నాన్న అక్కడే చేశాడు, నన్ను చేసుకున్నాయన కూడా అక్కడే ఫిట్టరు. ఇంట్లో తెలుగు, గేటు దాటితే బెంగాలీ, రేషన్ షాపులో హిందీ. చేపలు అమ్మేవాడితో ఒడియా కూడా కొంచెం కలుస్తుంది. ఏ మాట ఏ భాషదో ఆగి చూసుకునే అలవాటు నాకెప్పుడూ లేదు.

అమ్మాయిది తెలంగాణ. ప్రేమ్ బజార్ పక్కనున్న పెద్ద ఇంజనీరింగు కాలేజీలో పరిశోధన చేస్తోంది. చిన్న రైతులకి పుట్టగొడుగుల పెంపకం గురించి ఏం తెలుసు, దానివల్ల ఏం మేలు జరుగుతోందని వాళ్ళు అనుకుంటున్నారు, ఇదీ ఆమె తెలుసుకోవాల్సింది. తోడు తీసుకెళ్ళిన కలకత్తా కుర్రాడికి మా మేదినీపూర్ జిల్లా పల్లె మాట సగమే అర్థమైందట. ప్రేమ్ బజార్‌లో ఇడ్లీలు అమ్మే మా కాలనీ ఆవిడ నా పేరు చెప్పి పంపించింది.

నేను ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి, అది ఒకటి. నీకు ఫలానాది తెలుసు కాబట్టి రా అని నన్ను ఎవరైనా పిలవడం అదే మొదలు, అది రెండోది కావచ్చు.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, పల్లెలో ఛాతు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలట అని చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ ఆగిపోయాడు.

"సత్తుపిండి వెయ్యడమేటి? శనగలు వేపుకుని ఆడించుకుంటారు గానీ."

ఆయన తప్పు కూడా కాదు. కలకత్తా వైపు బెంగాలీవాళ్ళకి ఛాతు అంటే సత్తుపిండే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఛాతు అంటే పుట్టగొడుగు. మా ఇంట్లో పెద్దవాళ్ళు పుట్టకొక్కులు అనేవారు. ఆ అమ్మాయి ఒకసారి పుట్టగొడుగులంటుంది, ఒకసారి మాష్‌రూమ్ అంటుంది. ఒక్క వస్తువుకి ఇన్ని పేర్లేమిటా అనుకున్నాను. అది ఒక్క వస్తువు కాదని పల్లెకి వెళ్ళాకే తెలిసింది.

నిమ్‌పురా గూడ్సు యార్డు పక్కనుంచి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో వెళ్ళి, రైలు గేటు దాటాక కొంత దూరం పోతే రోడ్డు ఎర్రబడుతుంది. అక్కడినుంచి మొరం నేల, దూరంగా సాల చెట్లు. మేము వెళ్ళిన ఇల్లు మట్టి గోడలది, పైన రేకులు. ఇంటావిడ నాకంటే కొంచెం చిన్నది. నేను ఆమెను వదినా అన్నట్టు బౌదీ అన్నాను, ఆమె నన్ను దీదీ అంది, అలాగే ఉండిపోయింది. వాళ్ళకి ఉన్నది కొద్దిపాటి పొలం, వానమీద ఒక్క వరి పంట. పొలం పని లేనప్పుడు భర్త నిమ్‌పురా గూడ్సు షెడ్డుకి సరుకు దించడానికి వెళ్తాడు. ఒక చలికాలం ఎవరో వచ్చి ఊళ్ళో ఆడవాళ్ళకి మాష్‌రూమ్ పెంపకం నేర్పించి, మొదటిసారి విత్తనం ఇచ్చి వెళ్ళారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే మానేశారు, బౌదీ మానలేదు. ఆ అమ్మాయికి కావలసింది ఆ మానని వాళ్ళే.

వాకిట్లో చాప వేశారు. అమ్మాయి మొదటి ప్రశ్న అడిగింది, పుట్టగొడుగుల సాగు గురించి మీకేం తెలుసు అని. నేను దాన్ని ఛాతు సాగు అని బెంగాలీలో అడిగాను. బౌదీ నన్ను వింతగా చూసింది. ఛాతుని ఎవరైనా సాగు చేస్తారా దీదీ, అది దానంతట అది వస్తుంది గానీ అంది.

గోడకి ఆనుకుని కూర్చున్న ఆమె అత్తగారు అప్పుడు అందుకుంది. మొదటి వానలకి సాల చెట్ల కింద ఏవి లేస్తాయి, దుర్గాపూజ ముందు చెదల పుట్టల మీద ఏవి వస్తాయి, పాత గడ్డివాములో ముక్కిన గడ్డిమీద ఏవి పుడతాయి, వేటి జోలికి వెళ్ళకూడదు, అన్నీ చెప్పుకొచ్చింది. నేను తెలుగు చేసి చెప్పలేకపోయాను, సగం పేర్లకి నా దగ్గర మాటే లేదు. అమ్మాయి మాత్రం మెరిసే కళ్ళతో వింటోంది. ఇంత తెలిసినవాళ్ళు సాగు తెలియదంటారేమిటని ఆమె అడిగితే, సంచీల్లో పెంచేది మరేమిటి అని నేను బౌదీని అడిగాను.

"అది ఛాతు కాదు కదా. అది మాష్‌రూమ్."

అత్తగారు తలూపింది. నేల ఇచ్చింది వేరు, ప్లాస్టిక్ ఇచ్చింది వేరు, రెండోది టౌనువాళ్ళ కోసం అంది.

సరే, మాష్‌రూమ్ గురించే అడుగుదామనుకున్నాం. దానివల్ల మీకు ప్రయోజనం ఏమిటి అన్నది తర్వాతి ప్రశ్న. నేను లాభ్ అన్నాను. మనకి లాభం ఎంతో వాళ్ళకి లాభ్ అంతే, అనుమానమేం రాలేదు. ఆ మాట వినగానే బౌదీ మొహం ముడుచుకుపోయింది. ఆమె భర్త అక్కడే నులక మంచం బిగిస్తున్నాడు. ఆయన చెయ్యి ఆగింది. బౌదీ ఆయన వైపు చూసి, లాభ్ ఏమీ లేదు అంది. ఆయన మళ్ళీ నులక లాగడం మొదలుపెట్టాడు.

వచ్చేటప్పుడు ఆమె చెరువు గట్టుదాకా మాతో వచ్చింది. అక్కడ నేను మాట మార్చి, ఉపకారం ఏమైనా ఉందా అని అడిగాను. అప్పుడు గడగడా అప్పజెప్పింది. సుగర్ ఉన్నవాళ్ళకి మంచిది, బి.పి.కి మంచిది, కడుపుతో ఉన్నవాళ్ళు తినాలి, ఒంటికి రక్తం పడుతుంది, సంచీ అయిపోయాక ఆ గడ్డి ఆవుకి వెయ్యొచ్చు, పొలంలో చల్లొచ్చు. నేర్పించినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు వల్లించిందని నాకు అర్థమైంది. మరి మీ ఇంట్లో తింటారా అన్నాను. తినము, మా ఆయనకి పడదు అంది, అత్తగారు ముట్టుకోదట. అమ్మేది కూడా కొంచెమే, ప్రేమ్ బజార్‌లో ఒకటి రెండు హోటళ్ళకి. ఒక్కోసారి ఇచ్చేంత కూడా రావట.

తిరిగి వస్తున్నప్పుడు గేటు పడి మా టోటో ఆగింది. గూడ్సు బండి వెళ్తుంటే దాని చప్పుడులోనే అమ్మాయి అడిగింది.

"లాభం లేదంటరు. మంచిదంటరు. తినమంటరు. మరెందుకు వేస్తున్నట్టు ఆంటీ?"

నాకూ తెలియదన్నాను. నేను మాట సరిగ్గా చెప్పలేదేమో, అందుకే జవాబులు ఇలా వస్తున్నాయేమో అన్న అనుమానం కూడా ఆమెతో చెప్పాను.

తర్వాత మేము చాలాసార్లు వెళ్ళాం. వేరే ఊళ్ళకీ వెళ్ళాం. కొందరు ఎక్కువ చెప్పారు, కొందరు ఏమీ చెప్పకుండా టీ ఇచ్చి పంపించారు. కానీ నా బుర్రలో తిరిగింది బౌదీ ఇల్లే. రెండోసారి వెళ్ళినప్పుడు ఆమె తన గది చూపించింది. ఇంటికి ఒక పక్కగా ఉన్న మట్టి గది, ముందు మేకలు కట్టేవారట. కిటికీకి నల్లటి ప్లాస్టిక్ పట్టా, గడప దగ్గర సున్నం, పక్కన నీళ్ళ బేసిను. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా లోపలికి ఎవరూ రాకూడదు, ఆయన బీడీ తాగి వస్తే అస్సలు రాకూడదు. ఇవన్నీ నేర్పించినవాళ్ళు పెట్టిన నియమాలు.

లోపల చీకటి కళ్ళకి అలవాటయ్యాక, ఉట్లలో వేలాడుతున్న గడ్డి సంచీలు కనిపించాయి. కొన్ని ఇంకా తెల్లగా నూలు పట్టే దశలో ఉన్నాయి. కొన్నింటికి పెట్టిన కంతల్లోంచి తెల్లటి చెవుల్లాంటివి గుత్తులుగా బయటకి వచ్చి ఉన్నాయి. వాన వెలిశాక గడ్డివాము దగ్గర వచ్చే వాసన. బౌదీ ఆ గదిలో చిన్నగా మాట్లాడింది. నేను కూడా గొంతు తగ్గించాను, ఎందుకో తెలియదు. అక్కడ నిద్రపోయేవాళ్ళెవరూ లేరు.

ఆ రోజు ఆమె వద్దంటున్నా వినకుండా నాకో గుప్పెడు విత్తనం కట్టి ఇచ్చింది. విత్తనమంటే గోధుమ గింజలే, వాటికి తెల్లటి బూజు పట్టి ఉంటుంది. ఎలా చెయ్యాలో కూడా చెప్పింది. వరిగడ్డి చిన్నగా కొయ్యి, నానబెట్టు, ఉడికించు, పిండితే చుక్క రాకుండా ఆరబెట్టు, ఒక వరస గడ్డి ఒక వరస విత్తనం వేసి సంచీ కట్టు, చీకట్లో వేలాడదియ్యి, తెల్లబడ్డాక రోజూ నీళ్ళు చిలకరించు.

మా క్వార్టరు వెనక ఒకప్పుడు బొగ్గులు పోసుకునే చిన్న గది ఉంది. గ్యాసు వచ్చాక అందులో విరిగిన కుర్చీలు, పాత ట్రంకు తప్ప ఏమీ లేవు, గోడలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి. నేను పెరట్లో ఇటుకల పొయ్యిమీద పెద్ద డేగిసాలో గడ్డి ఉడికిస్తుంటే మా ఆయన వచ్చి నిలబడ్డాడు.

"ఏటే ఇది, గడ్డి వండుతున్నావు. ఆవునేటైనా తెస్తున్నావా?"

నేను ఏదీ సరిగ్గా చెయ్యలేదు. గడ్డి కొడవలికి ఎలా తెగితే అలా తెగింది. ఆరకముందే కూరేశాను. విత్తనం వరసగా కాకుండా ఇష్టమొచ్చినట్టు చల్లేశాను. మంచి సంచీ దొరక్క బియ్యం తెచ్చిన ప్లాస్టిక్ సంచీలోనే కట్టాను. అది తెల్లబడిందో లేదో చూసేలోపు నిమ్‌పురాలో మా చెల్లెలి ఇంట్లో పెళ్ళి వచ్చింది. అక్కడే ఉండిపోయి, నీళ్ళ మాటే మరిచిపోయాను.

తిరిగి వచ్చి బొగ్గుల గది తలుపు తీస్తే సంచీ కనపడలేదు, అంత విరగబూసి ఉంది. పెద్దవి, చిన్నవి, ఒకదాని మీద ఒకటి, కింద ట్రంకుకి తగిలేదాకా. మా ఆయన చూసి, వెంటనే వెళ్ళి పక్కింటి బిహారీ వాళ్ళని, ఎదురింటి బెంగాలీ దాదాని పిలుచుకొచ్చాడు. అందరూ గుమ్మంలో వంగి వంగి చూశారు. నేను ఆవ పెట్టి కూర చేశాను. మా ఆయన రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

ఆ సంతోషంలో అమ్మాయితో కలిసి పల్లెకి వెళ్తే, చెరువు పక్కన బౌదీ సంచీలు కుప్పగా పడి ఉన్నాయి. అన్నింటిమీదా ఆకుపచ్చ బూజు, అక్కడక్కడా నల్లగా. దుర్వాసన వస్తోంది. గదిలో ఒక్కటి కూడా మిగల్లేదట.

ఎందుకిలా అయిందని అమ్మాయి అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చినన్ని జవాబులు ఇంకే ప్రశ్నకీ రాలేదు. భర్త విత్తనం చెడ్డదన్నాడు. అత్తగారు ఎవరి కన్నో పడిందంది. పక్కింటామె ఈ ఏడు వరికి మందు ఎక్కువ కొట్టారు, గడ్డిలో అది ఉండిపోయిందంది. అమ్మాయి గడ్డి సరిగ్గా ఉడకలేదేమో అని సందేహించింది. బౌదీ చివర్న, నా చెయ్యి చెడిపోయింది అంది. తర్వాత నావైపు తిరిగి నీది ఎలా ఉంది దీదీ అని అడిగింది.

నేను సంచీల కుప్ప వైపు చూశాను. అమ్మాయి తనకొచ్చిన కొద్ది బెంగాలీలో, ఖూబ్ భాలో, చాలా బాగుందని చెప్పేసింది.

విత్తనం చెడ్డదైతే అదే పొట్లంలోది నాకెలా పండింది? గడ్డి వాళ్ళ వాములోదే, నేను టోటోలో వేసుకొచ్చిందే. ఉడికించడం ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. దారిపొడవునా ఆలోచించాను, ఎటు తిప్పినా కుదరలేదు.

కొద్దిరోజులకి బౌదీ మా ఇంటికి వచ్చింది. ప్రేమ్ బజార్‌కి అమ్మడానికి వచ్చేది గానీ ట్రాఫిక్‌లో అడుగుపెట్టడం అదే మొదలట. చీర కొంగు తల మీదికి లాక్కుని, ముందు గదిలో కూర్చోమన్నా కూర్చోకుండా, గది చూపించమంది. బొగ్గుల గదిలో నిలబడి గోడ మీద చెయ్యి వేసి చూసింది, వేళ్ళు వాసన చూసుకుంది. నేలని తట్టింది. తర్వాత, నువ్వేం చేశావో మొదటినుంచీ చెప్పు అంది.

నేను చెప్పాను. ఆరబెట్టలేదని, విత్తనం చల్లేశానని, నీళ్ళు మానేశానని. ఆమె ప్రతి మాటకీ ఇంకా అయోమయంగా చూసింది. తనకి చెయ్యొద్దని నేర్పినవన్నీ నేను చేశాను. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన, బొగ్గు తేమ పీల్చుకుంటుంది, మా వర్క్‌షాపులో చూసినాం కదా, అదే కారణమై ఉంటుందన్నాడు. బొగ్గు ఎన్నేళ్ళ కిందటి మాట, గోడకి రంగు మాత్రమే మిగిలింది అని నేనంటే, రంగులో కూడా ఉంటుందన్నాడు. బౌదీకి ఆ మాట నచ్చింది. అమ్మాయికి ఫోన్ చేసి అడిగితే ఆమెకీ తెలియదంది. చూద్దామంది.

చూద్దామనే చేశాం. బౌదీ కొత్త విత్తనంతో మళ్ళీ సంచీలు కట్టి, సగం తన గదిలో వేలాడదీసింది, సగం నా బొగ్గుల గదిలో. ఈసారి ఆమె చెప్పినట్టే నేను నీళ్ళు చిలకరించాను, కాళ్ళు కడుక్కునే లోపలికి వెళ్ళాను, మా ఆయన్ని గుమ్మం దాటనివ్వలేదు. నా గదిలో ఒక్క సంచీ కూడా పండలేదు. అన్నీ పచ్చబడ్డాయి. ఆమె గదిలో కొన్ని వచ్చాయి, కొన్ని కుళ్ళాయి, పక్కపక్కనే వేలాడుతున్నవాటిలో ఒకటి ఇలా, ఒకటి అలా. మా ఆయన ఆ తర్వాత బొగ్గు మాట ఎత్తలేదు. నేను గది కడిగేసి కుర్చీలు మళ్ళీ లోపల పెట్టాను. మొదటిసారి ఎందుకు పండిందో నాకిప్పటికీ తెలియదు, ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు.

ఎండలు ముదురుతుండగా ఒకరోజు బౌదీ భర్త నిమ్‌పురాలో టోటోల దగ్గర నన్ను చూసి ఆగాడు. మనిషి మెత్తనివాడే. వానలు వచ్చేలోపు మేకలకి ఆ గది కావాలి, నిరుడు వానకి తడిసి రెండు పిల్లలు పోయాయి అన్నాడు. మాష్‌రూమ్ వల్ల వచ్చేదేమీ లేదు, నేను చెబితే వినదు, మీరు చదువుకున్న రైల్వేవాళ్ళు, మీ మాట వింటుంది, మానెయ్యమని చెప్పండి దీదీ అన్నాడు. ఆయన అడిగిన దాంట్లో నాకు తప్పేం కనిపించలేదు. సరే చెబుతానన్నాను.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళాను. వాకిట్లో అత్తగారు ఉంది. కోడలు లోపల ఉంది, కాళ్ళు కడుక్కుని వెళ్ళు అంది. కడుక్కుని తలుపు నెట్టాను. లోపల ఉట్లు వేలాడుతున్నాయి, వాటిలో ఏమీ లేదు. సంచీ ఒక్కటి కూడా లేదు. బౌదీ కింద గోనె పరుచుకుని, గోడకి చేరబడి కూర్చుంది. చేతిలో పనేమీ లేదు. నన్ను చూసి లేవలేదు, కొంచెం పక్కకి జరిగింది. నేనూ కూర్చున్నాను.

సంచీలు ఏవి అని అడిగాను. వేడికి ఇక రావు, ఎప్పుడో తీసేశాను అంది. ఇంట్లో తెలుసా అంటే తెలియదంది. రోజూ చెంబుతో నీళ్ళు తెచ్చుకుని ఆ గదిలోకి వస్తుందట, కాసేపు కూర్చుని ఆ నీళ్ళు నేలమీద చల్లి వెళ్ళిపోతుందట.

మానెయ్యమని చెప్పడానికి వచ్చాను. మానెయ్యడానికి అక్కడేం లేదు.

"ఇక్కడుంటే నన్నెవరూ పిలవరు దీదీ," అంది ఆమె. "పొయ్యి దగ్గరుంటే పిలుస్తారు, చెరువు దగ్గరుంటే పిలుస్తారు, కడుపునొప్పని పడుకున్నా పిలుస్తారు. ఈ తలుపు వేసుకుంటే మాత్రం, మాష్‌రూమ్ దగ్గర ఉంది, దుమ్ము లోపలికి పోతుంది, తలుపు తియ్యకండి అంటారు."

ఏడవలేదు, తన మీద ఎవరో పెత్తనం చేస్తున్నారన్నట్టు కూడా చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమెని ఎవరూ కష్టపెట్టేవాళ్ళు కాదు, అది నేను చూసిందే. అందుకే నాకు ఇంకా అయోమయంగా ఉండేది. నేను ఆమె భర్త మాట ఎత్తకుండానే వచ్చేశాను.

ఆ వారంలోనే అమ్మాయి చివరిసారిగా అందరి దగ్గరికీ వెళ్తూ బౌదీ ఇంటికి వచ్చింది. చాప మీద మేము, మంచం మీద భర్త, గోడ దగ్గర అత్తగారు. అమ్మాయి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఇన్నాళ్ళు చేశారు కదా, ఇప్పుడు చెప్పండి, దీనివల్ల మీకు ప్రయోజనం ఏమిటి? నేను లాభ్ అన్నాను, వెంటనే ఉపకారం అని కూడా అన్నాను, ఏదో ఒకటి తగలకపోతుందా అని. బౌదీ భర్త వైపు చూసింది, తర్వాత నావైపు చూసింది.

"దీదీకి తెలుసు. ఆమెనే చెప్పనీ," అంది.

ఆ ఇంట్లో నాకూ అమ్మాయికీ తప్ప తెలుగు ఎవరికీ రాదు. నేను అది అప్పుడే గుర్తించాను, బౌదీ ముందే ఆలోచించుకుందేమో తెలియదు. నేను అమ్మాయి వైపు తిరిగి, ఖాళీ ఉట్ల సంగతి, గోనె సంగతి, పిలవకపోవడం సంగతి, నిమ్మళంగా తెలుగులో చెప్పాను. ఏదో విత్తనం ధర గురించి చెబుతున్నట్టు మొహం పెట్టాను. అమ్మాయి మొదట తలూపింది, తర్వాత తలూపడం ఆపేసింది. ఆమె కళ్ళు ఆ గది తలుపు వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. బౌదీ మా ఇద్దరి మొహాలూ చూస్తూ, తన మాట అక్కడికి చేరిందా లేదా అని కనిపెడుతోంది.

భర్త ఉండబట్టలేక, ఇంతసేపు ఏం చెప్పారు దీదీ అన్నాడు.

"లాభ్ ఉందంటోంది," అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా భార్యవైపు చూశాడు. ఉందా అన్నాడు. ఆమె ఉంది అంది. ఆయన కాసేపు మోకాలు గోక్కున్నాడు. అయితే మేకలకి వెనకాల రేకులు వేసుకోవాలి అన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది.

నేను అబద్ధమాడానా అని చాలాసార్లు ఆలోచించాను. ఆయన అడిగింది ఏ లాభమో నాకు తెలుసు, నేను చెప్పింది వేరే లాభం. మాట మాత్రం ఒకటే. ఆయన రేకులకి పెట్టిన ఖర్చు నా మాటవల్ల పెట్టిందే. మరి నిజం చెప్పివుంటే ఆయనకి ఏం అర్థమయ్యేది? నాకే పూర్తిగా అర్థం కానిదాన్ని ఆయనకి బెంగాలీలో ఎలా చెప్పేదాన్ని?

తిరుగు దారిలో అమ్మాయి, దీన్ని నేనెట్ల రాయాలె ఆంటీ అని అడిగింది. నన్నడిగితే ఏటమ్మా, నువ్వు కదా చదువుకున్నావు అన్నాను. ఆమె నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు. మిగతా ఊళ్ళలో లాభం ఉందన్న ఆడవాళ్ళు కూడా ఏ లాభం గురించి అన్నారో, లేదన్నవాళ్ళు ఏది లేదన్నారో, ఇప్పుడు మళ్ళీ వెళ్ళి అడగాలనిపిస్తోంది అంది. వెళ్ళడానికి వీలు లేకపోయింది. చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వచ్చి నాకు చీర పెట్టింది, ఏం రాసిందో చెప్పలేదు, నేను అడగలేదు.

నేను మాత్రం బౌదీ దగ్గరికి వెళ్ళడం మానలేదు. ఆమె ప్రతి చలికాలం సంచీలు కడుతుంది. ఒక ఏడు బాగా వస్తాయి, ఒక ఏడు పచ్చబడతాయి. ఎండాకాలం కూడా ఆ గదిలోకి వెళ్తూనే ఉంటుంది. ఈమధ్య అత్తగారికి పొయ్యి పని చేతకావడం లేదు. నీళ్ళు చిలకరించడమైనా నేను చేస్తానని ఆమె పట్టుబట్టిందట. మొదట్లో బౌదీ సంతోషించింది. ఇప్పుడు ఆ ముసలావిడ మధ్యాహ్నం చెంబు పట్టుకుని లోపలికి వెళ్తే పొద్దు వాలేదాకా రావడం లేదట.

మొన్న నేను వెళ్ళినప్పుడు గది తలుపు వేసి ఉంది. అత్తగారు ఎంతసేపటి నుంచో లోపలే ఉందని బౌదీ చెప్పింది. మాష్‌రూమ్ కోసే వేళ అయింది, హోటలువాడు ఫోన్ చేస్తున్నాడు. ఇద్దరం కాళ్ళూ చేతులూ కడుక్కుని గడప ముందు నిలబడ్డాం. లోపల చప్పుడేమీ లేదు. ఏం చెయ్యను దీదీ, పిలవనా అని బౌదీ చిన్నగా అడిగింది. ఆ తలుపు వేసుకుంటే ఎవరూ పిలవరని నాకు చెప్పింది ఆమే. తడి కాళ్ళతో అలాగే నిలబడి ఉన్నాం.